ఉప్పు మీద తేలే తీపి

తెనాలి, బాపట్ల, రేపల్లె పల్లెల్లో నేల కింద మంచినీళ్ళు ఎంత మందాన ఉన్నాయో నాలుకతో చెప్పగల రైతులున్నారు. అదే సంగతిని కొలిచి చెప్పే పెద్ద చదువూ ఇక్కడే ఉంది. ఈ రెండూ ఒక దొరువు గట్టు మీద కలుసుకున్నాయి.

బాపట్ల నుంచి సూర్యలంక వెళ్ళే దారిలో సరుగుడు తోటలు దాటాక ఇసుక చేలు మొదలవుతాయి. ఏప్రిల్ నెల, పొద్దున ఆరున్నర. చేను మధ్యలో పెద్ద గిన్నెలా తవ్విన దొరువు. వాలుగా దిగితే అడుగున రెండు నులకమంచాల మేర నీళ్ళు. ఆ నీళ్ళ పక్కన ఒక అమ్మాయి గొంతుక్కూర్చుని, సన్నటి తీగ చివర ఉన్న పెన్నంత గొట్టాన్ని మెల్లగా లోపలికి వదులుతోంది. తీగకి జానెడు జానెడు దూరాన ఎర్ర దారం కట్టుకుంది. ఒక్కో ముడి దగ్గర ఆగి, చేతిలోని మీటరు చూసి, ఒళ్ళో నోటుపుస్తకంలో అంకె రాసుకుంటోంది.

చేను యజమాని పంచె ఎగ్గట్టి దిగాడు. దోసిట్లోకి నీళ్ళు తీసుకుని, నోట్లో పోసుకుని, ఒక క్షణం కళ్ళు మూసుకుని, పక్కకి ఊశాడు.

"నిన్నటి మీద ఉప్పు తగుల్తోందమ్మా. నిన్న నాలుగ్గంటలు వేశాం కదా మోటారు."

"అవును బాబాయ్, పెరిగింది. పైన బానే ఉంది. మూడో ముడి దాటగానే ఒక్కసారిగా ఎగబాకింది."

"మరి ఎన్ని గంటలు వెయ్యొచ్చంటావు?"

"అది తేల్చడానికే వచ్చాను బాబాయ్. నా థీసిస్సే అది."

ఆయన ఆ అమ్మాయి వంక కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాడు. తన తండ్రి, తాత ఆ గుంట దగ్గర అడుగుతూ వచ్చిన ప్రశ్న మీద ఎవరో రెండేళ్ళు కూర్చుని చదువుతారని ఆయన అనుకోలేదు. నిజం చెప్పాలంటే నేనూ అనుకోలేదు.

ఏటా వేసవిలో మా వైపు రెండు మాటలు ఒకేసారి వినబడతాయి. ఒకటి, కాలువలు ఎప్పుడు కట్టేస్తున్నారు, ఆలోపు ఊరి మంచినీటి చెరువు నిండుతుందా అని. రెండోది, డిగ్రీ అయిన పిల్లని, పిల్లాణ్ణి పీజీలో దేంట్లో చేర్పించాలి అని. కంప్యూటరా, ఎంబీఏనా, బ్యాంకు కోచింగా? ఒకే అరుగు మీద సాగే ఈ రెండు మాటల మధ్యా చుట్టరికం ఉందని ఎవరికీ తోచదు. భూగర్భజలాల చదువు ఆ చుట్టరికం.

రైలు కిటికీలోంచి ఉప్పు

తెనాలి నుంచి రేపల్లెకి రైల్లో వెళ్ళేది ముప్ఫై నాలుగు కిలోమీటర్లే. 1916లో వేసిన లైను అది. చినరావూరు, జంపని, వేమూరు, భట్టిప్రోలు, పల్లికోన. గంట ప్రయాణంలో నేల కిందికి దిగకుండానే నీళ్ళ కథ సగం అర్థమవుతుంది.

తెనాలి ఊరి మధ్యలోంచి కాలువలు పారతాయి. పైకి కొల్లిపర, దుగ్గిరాల వైపు వెళ్తే అరటి, పసుపు, నిమ్మ. కృష్ణ ఒడ్డు లంక భూముల్లో ఫిల్టరు పాయింటు దింపితే చాలాచోట్ల తియ్యటి నీళ్ళు పడతాయి. వేమూరు దాటాక కోసిన వరి మళ్ళలో మినుము, మొక్కజొన్న కోతల ఆనవాళ్ళు. భట్టిప్రోలు దాటి రేపల్లె దగ్గరపడేసరికి బోర్ల సంఖ్య పల్చబడుతుంది. ఇక నిజాంపట్నం వైపు దిగితే చేలకి బదులు రొయ్యల చెరువులు, తిరిగే ఏరేటర్లు, గట్ల మీద తెల్లగా పేరుకున్న ఉప్పు.

ఇంతకీ ఇక్కడి నేల ఎలా పుట్టింది? కృష్ణమ్మ తెచ్చిన ఒండ్రు, సముద్రం తోసిన ఇసుక పొరపొరలుగా పేరుకుని వేల ఏళ్ళలో తయారైంది. సముద్రం వెనక్కి జరిగినప్పుడల్లా ఒక ఇసుక దిబ్బ మిగిలింది. నది దారి మార్చినప్పుడల్లా ఒక పాత పాయ మట్టి కింద కప్పబడిపోయింది. ఆ దిబ్బల్లో, ఆ పాత పాయల్లో వాన నీళ్ళు నిలిచి తియ్యగా ఉంటాయి. వాటి నడుమ బంకమట్టిలో మాత్రం ఒకనాటి సముద్రపు నీళ్ళే ఇంకా చిక్కుకుని ఉన్నాయి. అందుకే ఒకే ఊళ్ళో ఒక వీధి బావి తీపి, పక్క వీధి బావి ఉప్పు.

ఈ ఉప్పు ఈ మధ్య సముద్రం లోపలికి చొచ్చుకొచ్చి పట్టిందా, లేక మట్టితో పాటు ఎప్పటినుంచో ఉన్నదా? ఈ ప్రశ్న పుస్తకాల్లో ఉండిపోయేది కాదు. మొదటిదైతే తోడటం తగ్గించాలి, వాన నీళ్ళు ఇంకించాలి. రెండోదైతే ఆ లోతుకు వెళ్ళకుండా పై పొరతోనే సరిపెట్టుకోవాలి. నీటిలోని క్లోరైడు, బ్రోమైడు పాళ్ళు, ఐసోటోపులు చూసి ఈ తేడా పట్టుకుంటారు. పీజీ విద్యార్థులు సీసాల్లో నీళ్ళు నింపుకుని ఊరూరా తిరిగేది అందుకే.

బాక్సు: ఒకటికి నలభై

సముద్రపు నీరు మంచినీటి కంటే లీటరుకు సుమారు 25 గ్రాములు ఎక్కువ బరువు. అందుకని ఇసుక నేలలో మంచినీళ్ళు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటాయి. లెక్క ప్రకారం సముద్ర మట్టం మీద ఒక అడుగు మంచినీళ్ళు నిలిస్తే, దిగువన సుమారు 40 అడుగుల దాకా మంచినీళ్ళే ఉంటాయి. ఇదే లెక్క తిరగబడితే భయపెడుతుంది. పైన ఒక అడుగు తగ్గితే, నిలకడ మీద కింద ఉప్పు 40 అడుగులు పైకొస్తుంది. నెదర్లాండ్స్ సైనిక ఇంజనీరు బాడోన్ గైబెన్ 1880ల చివర్లో, జర్మన్ ఇంజనీరు హెర్జ్‌బెర్గ్ 1901లో ఎవరికి వారే ఈ సూత్రాన్ని చెప్పారు.

అమ్మమ్మ బిందె

మా అమ్మమ్మగారి ఊరు రేపల్లె దిగువన. ఇంటి వెనక బావి ఉండేది. ఆ నీళ్ళు గిన్నెలు తోమడానికి, గేదెల్ని కడగడానికి. సబ్బు నురగ వచ్చేది కాదు. పప్పు గంటసేపు పొయ్యి మీదుంచినా పలుకు పలుకుగానే ఉండేది. టీ పెడితే పాలు విరిగేవి. వంటకీ తాగడానికీ ఇత్తడి బిందె చంకనెట్టుకుని ఊరి చివర దిబ్బ మీది బావికి వెళ్ళాల్సిందే. చేద వేసేటప్పుడు అమ్మమ్మ ఒక మాట అనేది: "పైపైన తోడవే, అడుగు కదిలిస్తే రుచి పోద్ది." చేద మునగకుండా పక్కకి వాల్చి, పైనీళ్ళు మాత్రం నింపేది. ఆవిడకి బడి అంటే తెలియదు. కానీ ఉప్పు మీద తీపి తేలుతుందన్న సంగతి ఆవిడ మణికట్టుకి తెలుసు.

మా నాన్నకి తెలియలేదు. ఒక ఎండాకాలం అప్పు చేసి చేలో బోరు వేయించాడు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని ఒకాయన చేనంతా నడిచి, కాయ నిలబడ్డచోట గుర్తు పెట్టాడు. మొదట పడ్డ నీళ్ళు బాగున్నాయి, కానీ ధార సన్నం. "ఇంకా లోతుకు పోతే గంగ పొంగుద్దండీ" అన్నాడు బోరు వేసేవాడు. లోతుకు పోయారు. ధార పెరిగింది. పొద్దుటికి ఆ నీళ్ళు నోట్లో పెట్టుకోలేకపోయాం. కేసింగు డబ్బులు, బోరు డబ్బులు, ఆ అప్పు వడ్డీ మూడేళ్ళు మా ఇంట్లో కూర్చుని భోంచేశాయి. పై పొర దగ్గరే ఆపి, తక్కువ తక్కువగా తోడుకోమని చెప్పే మనిషి ఆ రోజు ఊళ్ళో ఒక్కడుంటే సరిపోయేది. మా ఇల్లే కాదు, మా వీధిలో ఇలా ఉప్పు బోరు మూత పెట్టుకున్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి.

మోటారు జోరుగా లాగినప్పుడు జరిగేది ఇదే. గొట్టం కిందున్న ఉప్పునీరు చీమలపుట్టలా పైకి లేస్తుంది. పుట్ట కొస గొట్టం నోటికి తగలగానే నీళ్ళు మారతాయి. మోటారు ఆపితే పుట్ట నెమ్మదిగా కుంగుతుంది. కానీ పైకి లేచినంత వేగంగా దిగదు. దొరువు దగ్గర రైతు అడిగిన "ఎన్ని గంటలు" వెనక ఉన్నది ఈ పుట్టే.

దొరువు దగ్గర మొదలైన పరిశోధన

బాపట్ల, చీరాల, వేటపాలెం ఇసుక నేలల రైతులు తరతరాలుగా దొరువులు తవ్వుకుని బతికారు. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. రెండు చేతులా రెండు కుండలతో దిగి, నింపుకుని, ఎక్కి, నారుమళ్ళకీ కూరగాయలకీ పూలమొక్కలకీ పోసేవారు. ఆ నడకలో ఆడవాళ్ళ నడుములు అరిగిపోయాయి. చేలో కొంత భాగం గుంటలకే పోయేది. అయినా ఆ పద్ధతిలో గొప్ప తెలివి ఉంది. పైనున్న తీపిని మీగడ తీసినట్టు తీసుకోవటం.

ఆ మీగడ తీసే పనినే బాపట్ల శాస్త్రవేత్తలు అందిపుచ్చుకున్నారు. 1945లో వ్యవసాయ కళాశాల పెట్టిన ఊరు ఇది. 1972లో దేశంలో ఉప్పునీటిని సేద్యానికి వాడుకోవటం మీద అఖిల భారత పరిశోధన పథకం మొదలైనప్పుడు ఎంచుకున్న నాలుగు కేంద్రాల్లో ఆగ్రా, ధార్వాడ, నాగపూర్‌తో పాటు బాపట్ల ఒకటి. ఇక్కడివాళ్ళు దొరువుని వదిలెయ్యమని చెప్పలేదు, మెరుగుపరిచారు. ఇసుకలో తక్కువ లోతునే చిల్లుల పీవీసీ గొట్టాలు అడ్డంగా పరిచి, ఇసుక లోపలికి రాకుండా వాటికి సన్నటి వల చుట్టి, అన్నిటినీ ఒక వరల బావిలోకి కలిపారు. గొట్టాలు అడ్డంగా ఉండటం వల్ల నీరు ఒకే చోట నుంచి కాక చేను పొడుగునా మెల్లగా ఊరి వస్తుంది. పుట్ట లేవదు. పైన నేల చదును చేసుకుని వేరుశనగ, కూరగాయలు వేసుకోవచ్చు. మోటారు పెట్టి స్ప్రింక్లర్లతో తడపొచ్చు. దీన్ని మెరుగుపరచిన దొరువు పద్ధతి అంటారు.

నాకు ఇందులో నచ్చింది గొట్టాల అమరిక ఒక్కటే కాదు. శాస్త్రం రైతు గుంటలోకి దిగి, అక్కడున్న తెలివికి లెక్క కట్టి, మళ్ళీ రైతు చేతికే ఇచ్చింది. పరిశోధన అంటే అలా ఉండాలి.

బాపట్లలోనే 1983లో వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది. ఇప్పుడది డాక్టర్ ఎన్.టి.ఆర్. పేరు మీద ఉంది. పక్కనే నిడుబ్రోలులో పుట్టిన ఆచార్య ఎన్.జి. రంగా పేరున్న విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. నేల, నీటి ఇంజనీరింగ్‌లో ఎం.టెక్. ఇక్కడ చదవచ్చు. దొరువు దగ్గర తీగ వదులుతున్న అమ్మాయి చదువు అదే.

డచ్చివాళ్ళకూ ఇదే బెంగ

దాదాపు పావు వంతు దేశం సముద్ర మట్టం కంటే దిగువన ఉన్న నెదర్లాండ్స్‌కి ఉప్పు భయం మనకంటే ఎక్కువ. ఆమ్‌స్టర్‌డాం నగరం 1853 నుంచి సముద్రపు ఒడ్డు ఇసుక దిబ్బల్లో నిలిచిన మంచినీళ్ళు తాగుతోంది. మన ఇసుక చేల లాంటి దిబ్బలే. తోడటం ఎక్కువై ఉప్పు లేచిందని గుర్తించాక, ఇరవయ్యో శతాబ్దంలో నది నీళ్ళు తెచ్చి ఆ దిబ్బల్లోకే ఇంకించి, మళ్ళీ తోడుకోవటం నేర్చుకున్నారు.

ఆ దేశంతో బాపట్లకి చుట్టరికం కలిసింది. 1990ల్లో మొదలైన ఇండో-డచ్ పథకంలో బాపట్ల కేంద్రం నాగార్జునసాగర్ కుడికాలువ కింది కోనంకిలో, కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఉప్పుగుండూరులో పొలాల కింద చిల్లుల గొట్టాలు వేసింది. ఇక్కడ గొట్టాల పని వేరు. చౌడు పట్టిన నేలలోని ఉప్పునీటిని కిందినుంచి లాగి మురుగు కాలువలోకి పంపటం. ఊరి పేరులోనే ఉప్పు ఉన్నచోట ఉప్పు తియ్యటానికి పూనుకున్నారు.

రాత్రంతా మోటారు పక్కన

ఈ చదువులో ఏముంటుంది? మొదటి పాఠం ఫ్రాన్సుది. దిజోన్ నగర ఇంజనీరు హెన్రీ డార్సీ ఇసుక నింపిన గొట్టంలోంచి నీళ్ళు పంపి, నేలలో నీరు ఎంత వేగంతో నడుస్తుందో సూత్రం కట్టి 1856లో అచ్చు వేశాడు. అదే కాలంలో, 1852 నుంచి 1855 దాకా, బెజవాడ దగ్గర కృష్ణకి అడ్డంగా కాటన్ ప్రణాళిక మీద ఆనకట్ట కట్టారు. అప్పటినుంచి కృష్ణ నీళ్ళు కాలువల్లో పారి, వరి మళ్ళలో నిలిచి, నేలలోకి దిగుతూ నూటయాభై ఏళ్ళకు పైగా ఈ డెల్టా కింది తీపి పొరని నింపుతున్నాయి. డార్సీ సూత్రం తెలిసినవాడికి మన వరిమడి పెద్ద ఇంకుడు గుంటలా కనబడుతుంది.

తర్వాత చెయ్యి తిరగాల్సిన పనులు. నేల మీద వరసగా నాలుగు ఇనుప కడ్డీలు దింపి, కరెంటు పంపి, నేల ఎంత అడ్డుకుంటుందో చూస్తారు. ఉప్పునీరున్న చోట అడ్డు తక్కువ, అంకె పడిపోతుంది. మంచినీళ్ళున్న ఇసుకలో ఎక్కువ. పల్లెల్లో దీన్నే "మిషను పెట్టి చూడటం" అంటారు. కొబ్బరికాయ చేసే పని కాదిది, అయితే ఉప్పు నేలల్లో దీని అంకెలు కూడా మోసం చెయ్యొచ్చు. బంకమట్టి కూడా తక్కువ చూపిస్తుంది. అందుకే దగ్గర్లో ఉన్న బోరు మట్టి చూసి సరిపోల్చుకోవాలని నేర్పుతారు.

అన్నిటికంటే కష్టమైంది పంపింగ్ పరీక్ష. మోటారు వేసి, పక్క బావిలో నీటిమట్టం ఎంత దిగుతోందో మొదట నిమిషానికోసారి, తర్వాత అయిదు నిమిషాలకోసారి, ఆపైన అరగంటకోసారి కొలుస్తూ పోవాలి. రాత్రి కరెంటు నిలకడగా ఉంటుందని రాత్రి మొదలుపెడతారు. టేపు చివర నీళ్ళు తగిలితే కుయ్యిమంటుంది. ఆ అమ్మాయి చెప్పింది: "మొదటి రాత్రి ముగ్గురం వచ్చాం. తెల్లవారుజామున మూడింటికి కరెంటు పోయింది సార్. అప్పటిదాకా రాసిందంతా పోయినట్టే, మళ్ళీ మొదట్నుంచి. బాబాయ్ వాళ్ళావిడ పొద్దున్నే పెసరట్లు పోసి పంపింది." బాపట్ల పక్క పల్లెలో ఒక అమ్మాయి అర్ధరాత్రి చేలో నీటిమట్టం కొలుస్తుంటే ఆ ఇల్లు తన పిల్లలా చూసుకుందన్న సంగతి నాకు చాలా ధైర్యమిచ్చింది.

బాక్సు: ఎక్కడ చదవచ్చు, తర్వాతేంటి

వ్యవసాయ ఇంజనీరింగ్ చదివినవారికి నేల, నీటి ఇంజనీరింగ్‌లో ఎం.టెక్. దారి. సైన్సు డిగ్రీలో జియాలజీ చదివినవారికి విశాఖ ఆంధ్ర, తిరుపతి శ్రీ వేంకటేశ్వర, హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో జియాలజీ పీజీ ఉంది. దాంట్లో హైడ్రోజియాలజీ ఒక ముఖ్య భాగం. రూర్కీలో హైడ్రాలజీ విభాగం 1972 నుంచి ఉంది, గేట్ రాసి అక్కడ ఎం.టెక్. చెయ్యొచ్చు. పరిశోధనకు హైదరాబాద్‌లో 1961లో పెట్టిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. డెల్టాల కోసమే జాతీయ జలవిజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం కాకినాడలో ఉంది. కేంద్ర భూగర్భజల మండలిలో శాస్త్రవేత్త కొలువుకు యూపీఎస్సీ జియో-సైంటిస్ట్ పరీక్ష రాయాలి. రాష్ట్ర భూగర్భజల శాఖ మరో దారి.

అల్మారాలో నీళ్ళు

ఈ చదువు చదివినవాళ్ళు దేశంలో లేక కాదు. నా బాధ ఎక్కడంటే, మన ఊరి నీళ్ళ మీద రాసిన థీసిస్ ఇంగ్లీషులో, అట్ట కట్టి, అల్మారాలో ఉంటుంది. ఆ థీసిస్‌లో ఉన్న నీళ్ళు తోడే రైతు చేతికి తెలుగులో ఒక కాగితం ముక్క కూడా అందదు. అతను మళ్ళీ కొబ్బరికాయనే నమ్ముకుంటాడు. అతన్నెలా తప్పుపడతాం?

ఇలా కాకుండా చెయ్యొచ్చని మన రాష్ట్రంలోనే తేలింది. 2000 తర్వాత, ప్రకాశంతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే తమ బోర్ల నీటిమట్టం కొలుచుకుని, వాన లెక్క రాసుకుని, ఊళ్ళో గోడ మీద బోర్డుకెక్కించి, ఏ పంట వెయ్యాలో కలిసి మాట్లాడుకున్న పథకం నడిచింది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడింది. మెట్ట రైతు చేసింది డెల్టా రైతు ఎందుకు చెయ్యలేడు? నీళ్ళు కళ్ళెదుట పారుతుంటే కింద ఏముందో చూడాలనిపించదు, అంతే.

చూడాల్సిన కాలం మాత్రం వచ్చేసింది. ఎగువన ఆనకట్టలు పెరిగి కృష్ణ సముద్రం దాకా చేరే రోజులు తగ్గాయి. కాలువలకి సిమెంటు లైనింగు వేస్తే చివరి ఎకరానికి నీళ్ళందుతాయి, అది కావాల్సిందే. కానీ లైనింగు వేసిన మేర నేలలోకి దిగే నీళ్ళు తగ్గుతాయి. ఆ గట్టు పక్క బావి మీద దాని ప్రభావం ఎంత? దీన్ని ఎవరో ఒకరు కొలవాలి. రొయ్యల చెరువుల మాట మరీ సున్నితం. ఆ చెరువుల మీద బతికే కుటుంబాలు నా చుట్టాల్లోనే ఉన్నాయి. తీరప్రాంతపు రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు చెప్పింది, 2005లో చట్టం వచ్చింది. అయినా ఈ చెరువు నుంచి ఆ చేనికి ఉప్పు ఎంత దూరం, ఎన్నేళ్ళలో ఊరుతుందన్నది ఊరికో రకంగా ఉంటుంది. కొలిచిన అంకె ఉంటే చెరువువాళ్ళూ చేనువాళ్ళూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవచ్చు. లేకపోతే తగాదా ఒక్కటే మిగులుతుంది.

అందుకే తెనాలి, రేపల్లె, బాపట్ల పిల్లలు ఈ చదువుకి వెళ్ళాలని అడుగుతున్నాను. ఉద్యోగాలు కంప్యూటర్లలో ఉన్నన్ని ఇందులో లేవు, ఆ సంగతి దాచను. కానీ ఏ బావిలో పప్పు ఉడుకుతుందో ఏ బావిలో ఉడకదో ఇంట్లోనే విని పెరిగిన పిల్ల, కొలిచిన అంకెని అమ్మకి చెప్పినట్టు చెప్పగలదు.

ఎనిమిదిన్నర

మోటారు వేసి రెండు గంటలైంది. దొరువులో నీళ్ళు రెండు జానలు దిగాయి. తడి ఇసుక నల్లటి పట్టీలా చుట్టూ బయటపడింది. స్టార్టరు డబ్బా తలుపు లోపల ఆ అమ్మాయి ఒక కాగితం అంటించింది. తెలుగులో, పెద్ద అక్షరాలతో, వారం రోజుల తేదీలు, మోటారు నడిచిన గంటలు, పక్కన రెండు గళ్ళు: "మీటరు", "బాబాయ్ నాలుక". నాలుక గడిలో ఆయన చెప్పింది చెప్పినట్టు రాసింది: బాగుంది, బాగుంది, కొంచెం తేడా, ఉప్పు.

ఆయన మళ్ళీ దిగాడు. దోసిలి పట్టాడు. పుక్కిలించాడు. ఆ అమ్మాయి మూడో ముడి దగ్గర తీగ ఆపి మీటరు చూసింది. ఇద్దరూ ఒకేసారి తలెత్తారు.

"ఆపేద్దామా బాబాయ్?"

"ఆపెయ్యాలమ్మా. ఇంకో అరగంట వేస్తే రేపటికి కూడా కుదరదు."

గట్టెక్కి ఎర్ర బటన్ నొక్కాడు. చేను నిశ్శబ్దమైంది. వంగ మొక్కల వరసలు రెండు ఇంకా తడవలేదు. వాటి వంక చూసి, "సాయంత్రం కుండలతో పోస్తాలే" అన్నాడు. ఆ అమ్మాయి టేపు తీసుకుని, నీళ్ళు తిరిగి ఎక్కుతున్న కొలతకి మొదటి నిమిషం రాసుకుంది.